ఒకే బంతి, రెండు జవాబులు: అమ్మకి 20, అమ్మాయికి 45

ప్రశ్న

పేరు వద్దన్న ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. కుదించి చెప్తాను.

ఆమె కూతురు పదో తరగతి. కాలేజీలో ఫిజిక్స్ చదువుకున్న తల్లే రోజూ రాత్రి పక్కన కూర్చుని లెక్కలు చేయిస్తుంటారు. మూడు వారాల కిందట ఒక లెక్క దగ్గర పేచీ వచ్చింది. "25 మీటర్ల ఎత్తున్న మేడ అంచు నుంచి ఒక బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. అది చేరే గరిష్ఠ ఎత్తు ఎంత?" అమ్మాయి వర్గ ప్రమేయం సరిగ్గానే రాసింది: ఎత్తు = −5టి² + 20టి + 25 (టి అంటే విసిరాక గడిచిన సెకన్లు). తర్వాత −బి/2ఎ (టి² ముందున్న సంఖ్య ఎ, టి ముందున్నది బి) వేసి 2 తెచ్చి, "గరిష్ఠ ఎత్తు 2 మీటర్లు" అని కింద గీత గీసేసింది. "25 మీటర్ల మీద నుంచి పైకి విసిరితే 2 మీటర్లు ఎలా అవుతుందే?" అని తల్లి నవ్వారు. అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుని, మళ్ళీ ఏదో చేసి 45 అంది. అప్పటికే తల్లి తనకి అలవాటైన యు²/2జి సూత్రంతో (యు విసిరిన వేగం, జి గురుత్వ త్వరణం) 20 తెచ్చుకుని ఉన్నారు. "ఇదీ తప్పే" అని ఎర్ర పెన్నుతో పేజీ అడ్డంగా కొట్టేశారు. ఆ తర్వాత పుస్తకం చివర జవాబు చూస్తే 45.4 అని ఉంది.

అప్పటి నుంచి అమ్మాయి తల్లిని పక్కన కూర్చోనివ్వడం లేదు. "లెక్కల టీచర్ ఒకటి చెప్తారు, ఫిజిక్స్ టీచర్ ఇంకోటి చెప్తారు, నువ్వు మూడోది చెప్తావు. నాకివి రావులే" అంటోంది. పరీక్షలు నెల రోజుల్లో ఉన్నాయి. ఉత్తరంలో ఒక మూల ఇంకో ముక్క కూడా ఉంది: గొడవకి ముందు అమ్మాయి గ్రాఫు గీసి, "బంతిని నిటారుగా కదా విసిరాం, మరి గీత పక్కకి ఎందుకు పోతోంది?" అని అడిగిందట. "పిచ్చి ప్రశ్నలు వేయకు, లెక్క చెయ్యి" అన్నారట.

తల్లి అడిగేవి మూడు. నా 20 ఎందుకు తప్పయింది? ఏ పద్ధతి నేర్పితే మంచిది? ట్యూషన్ పెట్టించి నేను తప్పుకోవాలా?

సమాధానం

మీ 20 తప్పు కాదండీ. మీ అమ్మాయి 45 కూడా తప్పు కాదు. మీరు చేతి దగ్గర నుంచి కొలిచారు, తను నేల నుంచి కొలిచింది. బంతి చేతిని వదిలాక ఇంకా 20 మీటర్లు పైకి వెళ్తుంది. చెయ్యి అప్పటికే 25 మీటర్ల మీద ఉంది. 25కి 20 కలిపితే 45. పేజీ కొట్టేసేంత గొడవకి కారణం ఈ ఒక్క కూడిక.

యు²/2జి అనే సూత్రం బంతి విసిరిన చోటుని సున్నా అనుకుంటుంది. ఆ మాట సూత్రంలో ఎక్కడా కనబడదు కాబట్టి దాన్ని ఏళ్ళ తరబడి వాడినవాళ్ళే ఎక్కువ మోసపోతారు. వర్గ ప్రమేయంలో అయితే సున్నా ఎక్కడుందో చివరి పదం చెప్పేస్తుంది. టి స్థానంలో 0 పెట్టండి, 25 వస్తుంది. అంటే గడియారం మొదలైనప్పుడు బంతి 25 దగ్గర ఉంది, కొలత నేల నుంచి మొదలైంది. అమ్మాయి రాసిన ఆ "+25" మీ సూత్రంలో లేదు. తేడా అంతా అందులోనే ఉంది.

పుస్తకంలోని 45.4 సంగతి ఇంకా చిన్నది. గురుత్వ త్వరణాన్ని 10 అనుకుంటే 45, 9.8 అనుకుంటే 45.4. రెండోది లెక్కకట్టాలంటే ప్రమేయం −4.9టి² + 20టి + 25 అవుతుంది. కాలం 20/9.8, అంటే 2.04 సెకన్లు. పైకి లేచేది 400/19.6, అంటే 20.4 మీటర్లు. ప్రశ్నలో విలువ ఇస్తే అదే వాడాలి. ఇవ్వకపోతే "జి = 9.8 అనుకుంటే" అని ఒక ముక్క రాసుకుని మొదలుపెట్టమనండి. నిజానికి భూమి మీద కూడా అన్ని చోట్లా అది 9.8 కాదు. భూమధ్యరేఖ దగ్గర సుమారు 9.78, ధ్రువాల దగ్గర 9.83. దశాంశం దగ్గర పోట్లాడుకోవాల్సినంత విషయం అక్కడ లేదు.

అయితే 9.8 వాడేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. టి² ముందు రావాల్సింది 9.8లో సగం, 4.9. చాలామంది పిల్లలు 9.8ని అలాగే రాసేస్తారు. అప్పుడు కాలం 1.02 సెకన్లు, ఎత్తు 35.2 మీటర్లు వస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, 25 కంటే ఎక్కువే కాబట్టి అనుమానం రాదు. పట్టుకునే దారి కాలంలో ఉంది. సెకనుకి 9.8 చొప్పున వేగం తగ్గుతుంటే 20 ఖర్చయిపోవడానికి రెండు సెకన్ల పైన పడుతుంది. ఒక్క సెకనులో ఎలా అయిపోతుంది?

ఇక ఆ 2 మీటర్లు. మీరు నవ్విన చోట నిజంగా తప్పు ఉంది, కానీ లెక్కలో కాదు, కింద రాసిన మాటలో. −బి/2ఎ ఇచ్చేది అడ్డ అక్షం మీది విలువ. ఇక్కడ అడ్డ అక్షం మీద ఉన్నది కాలం. కాబట్టి 2 అంటే 2 సెకన్లు. ఎత్తు కావాలంటే ఆ 2ని తిరిగి ప్రమేయంలో ప్రతిక్షేపించాలి: −5×4 + 20×2 + 25 = −20 + 40 + 25 = 45. ఈ అధ్యాయంలో పిల్లలు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునే చోటు ఇదే. సూత్రం అయిపోగానే పని అయిపోయిందనిపిస్తుంది. ప్రశ్న "ఎప్పుడు" అని అడిగిందా, "ఎంత ఎత్తుకి" అని అడిగిందా అన్నది వెనక్కి వెళ్ళి చూడరు. మీ అమ్మాయి మీరు నవ్విన తర్వాత చేసిన ఆ "ఏదో" ఈ ప్రతిక్షేపణే. దారి తనకి తెలుసు, ఒక స్టెప్పు ముందు ఆగిపోయింది.

మీ ఉత్తరం మొత్తంలో నాకు బాగా నచ్చింది మీరు పిచ్చి ప్రశ్న అన్నది. నిటారుగా విసిరిన బంతి గ్రాఫులో పక్కకి ఎందుకు పోతోంది? ఎందుకంటే అది బంతి వెళ్ళిన దారి కాదు. బంతి నిలువు గీత మీదే పైకి వెళ్ళి కిందికి వచ్చింది. గ్రాఫులో పక్కకి పోయింది కాలం. సెకనుకో ఫొటో తీసి, ఆ ఫొటోలన్నీ ఎడమ నుంచి కుడికి వరసగా అంటించినట్టు అనుకోండి. మొదటి ఫొటోలో బంతి 25 దగ్గర, తర్వాత 40, 45, 40, 25, చివరికి 0. బంతులన్నిటినీ కలిపితే పరావలయం (పారాబోలా) వస్తుంది.

ఏటవాలుగా విసిరితే మాత్రం దారి కూడా పరావలయమే. గాలి నిరోధాన్ని పక్కన పెడితే విసిరిన వస్తువు దారి పరావలయమని గెలీలియో 1638లో అచ్చయిన పుస్తకంలో నిరూపించాడు. పాఠ్యపుస్తకాల్లో ఈ రెండు బొమ్మలూ పక్కపక్కనే ఉంటాయి, చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటాయి. అందుకే తికమక. నేల మీద నుంచి 45 డిగ్రీల కోణంలో సెకనుకు 20 మీటర్ల వేగంతో విసిరితే, జి = 10 అనుకుంటే, దారి సమీకరణం: ఎత్తు = ఎక్స్ − ఎక్స్²/40. దీనికి −బి/2ఎ వేస్తే 20 వస్తుంది. ఈ 20 సెకన్లు కాదు, పక్కకి వెళ్ళిన మీటర్లు. దాన్ని ప్రతిక్షేపిస్తే ఎత్తు 10 మీటర్లు. సూత్రం అదే, అక్షం మారితే జవాబు అర్థం మారిపోతుంది. మీ అమ్మాయి సరిగ్గా ఆ అక్షం గురించే అడిగింది. ఆ ప్రశ్నకి అప్పుడే జవాబు దొరికి ఉంటే "2 మీటర్లు" అని రాసేది కాదేమో.

పద్ధతి సంగతికి వద్దాం. ఫలానాదే నేర్పండి అని నేను చెప్పను. ఒక్కోదానికి ఒక్కో ఖర్చు ఉంది.

−బి/2ఎ తనకి ఇప్పటికే వచ్చు, త్వరగా అవుతుంది. నెల రోజుల్లో పరీక్షంటే దీన్నే గట్టి చేసుకోవడం తక్కువ శ్రమ. ఇందులో దెబ్బతినేది గుర్తుల దగ్గర. ఎ = −5, బి = 20 కాబట్టి −20/−10, అంటే +2. హారంలో మైనస్ మర్చిపోతే −2 సెకన్లు వస్తుంది. బంతిని విసరడానికి రెండు సెకన్ల ముందే అది శిఖరం చేరిందన్నమాట! ఎ, బి, సి విలువలు గుర్తులతో సహా విడిగా ఒక లైనులో రాసుకుంటే ఈ తప్పు చాలావరకు రాదు.

వర్గం పూర్తి చేయడం ఇంకొంచెం శ్రమ. కానీ ఈ దారిలో కాలమూ ఎత్తూ ఒకేసారి బయటపడతాయి. −5(టి² − 4టి) + 25 అని మొదలుపెట్టి, బ్రాకెట్లో 4 కలిపితే −5(టి − 2)² + 45 అవుతుంది. వర్గం ఎప్పుడూ రుణం కాదు. దాన్ని −5తో గుణించి 45కి కలుపుతున్నాం కాబట్టి విలువ 45 దాటే దారే లేదు. టి = 2 అయినప్పుడు మాత్రం సరిగ్గా 45. సూత్రం బట్టీ పట్టకుండా "ఎందుకు గరిష్ఠం" అన్నది కళ్ళకి కట్టేది ఇందులోనే. తప్పు జరిగేది ఒకే చోట: బ్రాకెట్లో 4 కలిపాం కాబట్టి బయట 4 తీసేస్తారు, 25 − 4 = 21 అంటారు. కానీ బ్రాకెట్ ముందు −5 ఉంది. కలిపింది నిజానికి −20, కాబట్టి బయట +20 చేయాలి. ఈ తప్పుని పట్టుకోవడం తేలిక. 25 దగ్గర నుంచి పైకి విసిరిన బంతికి గరిష్ఠ ఎత్తు 21 అవ్వదు కదా.

మీ యు²/2జి అన్నిటికంటే పొట్టిది. చేతి ఎత్తు కలపడం మర్చిపోనంత వరకు బాగా పనిచేస్తుంది. అయితే అది సూత్రంగా కాక, సరిచూసుకునే సాధనంగా తన చేతికి వెళ్తే ఇంకా మేలు. పైకి వెళ్ళేటప్పుడు వేగం 20 నుంచి 0కి సమంగా తగ్గుతుంది, సగటు 10. రెండు సెకన్లు. 10 × 2 = 20 మీటర్లు. ఇది నోటితో చేసే లెక్క. ప్రమేయం ఏ దారిన చేసినా చివర్లో పది సెకన్లు పెట్టి ఇలా చూసుకోవచ్చు.

ఇవన్నీ చూస్తేనే తలనొప్పి అనే రోజు ఉంటే పట్టిక వేయమనండి. టి = 0, 1, 2, 3, 4, 5కి ఎత్తులు 25, 40, 45, 40, 25, 0. టి = 0 దగ్గరా, టి = 4 దగ్గరా 25 ఉంది కాబట్టి శిఖరం సరిగ్గా మధ్యలో, 2 దగ్గర. సౌష్ఠవం అనే మాట ఇలా చూస్తే గుర్తుండిపోతుంది. పక్కపక్క ఎత్తుల తేడాలు తీయండి: +15, +5, −5, −15, −25. ఒక్కో తేడా ముందుదానికంటే 10 తక్కువ. ఆ 10 మనం తీసుకున్న గురుత్వ త్వరణమే, పట్టికలో దాక్కుని ఉంది. శిఖరం 2.04 లాంటి చోట ఉంటే ఒట్టి పట్టిక చూసి చెప్పలేం, కాబట్టి పరీక్షకి ఇదొక్కటే నమ్ముకోకూడదు.

విచక్షణి (డిస్క్రిమినెంట్) దారి, అవకలనం (డిఫరెన్షియేషన్) దారి కూడా ఉన్నాయి. ఈ నెలలో వాటి జోలికి వెళ్ళొద్దు. "మూడోది చెప్తావు" అని విసుక్కున్న పిల్లకి నాలుగోది, ఐదోది చూపిస్తే ఏమవుతుందో మీకే తెలుసు.

లెక్కలో కోణం ఉంటే మాత్రం ఒక జాగ్రత్త తప్పదు. అదే మేడ మీద నుంచి అదే 20 వేగంతో, అడ్డంగా ఉన్న గీతకి 30 డిగ్రీల కోణంలో విసిరితే, ప్రమేయంలో టి ముందు 20 రాకూడదు. పైకి తీసుకెళ్ళేది వేగంలో నిలువు భాగం ఒక్కటే: 20 × సైన్ 30 = 10. ప్రమేయం −5టి² + 10టి + 25, శిఖరం 1 సెకను దగ్గర, ఎత్తు 30 మీటర్లు. 20 అలాగే వేస్తే 45 వస్తుంది, సైన్ బదులు కాస్ వేస్తే 40 వస్తుంది. ఈ రెండు తప్పుడు జవాబులనీ ఒకసారి పక్కన రాసి ఉంచుకోమనండి. ఇలాంటి లెక్కలో మళ్ళీ ఎదురైతే ఎక్కడ జారారో వెంటనే తెలుస్తుంది. ఇంకొకటి: ఆమె ఏదైనా పుస్తకంలో −16టి² చూసి కంగారు పడితే, అది అడుగుల్లో లెక్క. అడుగుల్లో గురుత్వ త్వరణం సుమారు 32, అందులో సగం 16. మీటర్లలో ఇచ్చిన వేగాన్ని దాని పక్కన పెడితే లెక్క మొత్తం పాడవుతుంది.

ట్యూషన్ పెట్టించడం తప్పేమీ కాదు. మీ ఇద్దరి మధ్య ఇప్పుడున్న బిగువు కొంత తగ్గుతుంది కూడా. కానీ కొత్తగా వచ్చేవారికి ఆమె నోటుబుక్ చూపించి, "ఈ పద్ధతిలోనే చేయించండి" అని ముందే చెప్పకపోతే ఇంకో కొత్త పద్ధతి ఇంట్లోకి వస్తుంది. ఇంకో దారి, మీరే కూర్చోవడం, కాకపోతే పెన్ను పట్టుకోకుండా. రెండే ప్రశ్నలు అడగండి: "ఎక్కడి నుంచి కొలుస్తున్నావు?", "ఇప్పుడు వచ్చింది కాలమా, ఎత్తా?" దీనికి ఓపిక కావాలి. మీరు రెండు నిమిషాల్లో చేసే లెక్కకి ఇరవై నిమిషాలు పడుతుంది, మధ్యలో తప్పు కనిపిస్తున్నా ఊరుకోవాలి. అది మీకు నరకంగా ఉంటుందనిపిస్తే ట్యూషనే నయం. మూడోది, ఈ నెల పూర్తిగా వదిలేయడం. అది కూడా దారే. అయితే మాట్లాడకుండా వదిలేస్తే "అమ్మ ప్రకారం నాది తప్పే" అన్నదే ఆమె దగ్గర మిగిలిపోతుంది. ఏది ఎంచుకున్నా, ఆ కొట్టేసిన పేజీ తెరిచి "నీ 45 సరైనదే, నేను చేతి నుంచి కొలిచాను" అని ఒక మాట చెప్పాక ఎంచుకోండి. పొడుగాటి క్షమాపణలు పిల్లలకి ఇబ్బంది. ఈ మాట లెక్క గురించి కాబట్టి వినగలదు.

ఆ పేజీలోనే మీ ఇద్దరికీ పనికొచ్చేది ఇంకొకటి ఉంది. బంతి నేలని ఎప్పుడు తాకుతుంది అని ప్రమేయాన్ని సున్నాకి సమానం చేస్తే రెండు మూలాలు వస్తాయి: 5, −1. పిల్లలు −1ని కొట్టేసి "కాలం రుణం కాదు" అని రాస్తారు, పరీక్షకి అది చాలు. కానీ ఆ −1కి అర్థం ఉంది. ఇదే బంతిని మేడ మీద నుంచి కాక, ఒక సెకను ముందు నేల మీద నుంచి సెకనుకు 30 మీటర్ల వేగంతో విసిరి ఉంటే? ఒక సెకనులో 30 − 5, అంటే 25 మీటర్లు లేచేది. వేగం 30 నుంచి 20కి తగ్గేది. సరిగ్గా మేడ అంచు పక్కనుంచి, సరిగ్గా 20 వేగంతో పోయేది. ఇప్పుడు మీ సూత్రం వేయండి, ఈసారి చెయ్యి నేల దగ్గర ఉంది: 900/20 = 45. మీ యు²/2జి, ఆమె పరావలయం ఒకే సంఖ్య దగ్గర కలిశాయి.

ఇది చూపించాక ఇష్టమైతే ఒక లెక్క మీరు కాదు, ఆమె మీకు ఇవ్వమనండి. అదే మేడ, అదే 20 వేగం, ఈసారి బంతిని కిందికి విసిరారు. ప్రమేయం −5టి² − 20టి + 25. గరిష్ఠ ఎత్తు ఎంత? −బి/2ఎ వేస్తే టి = −2 వస్తుంది, ప్రతిక్షేపిస్తే మళ్ళీ 45 వస్తుంది. కానీ విసిరేది టి = 0 దగ్గర, బంతి 25 కంటే పైకి ఎప్పుడూ వెళ్ళలేదు. జవాబు 25. మీరు తొందరపడి 45 అంటే, ఎర్ర పెన్ను ఆమె చేతికివ్వండి.